ఛిన్నరుహ: తిప్పతీగ పర్యాయపదముల పరిశీలన

అమరకోశ వనౌషధివర్గమును వల్లించునాడు గుడూచి పేర్లన్నియు మాకు కంఠస్థములే. తీగను మాత్రము ఎవ్వరును చూపలేదు. పెరటి వేపచెట్టుపై ప్రాకినది అదియేనని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది.

ఈ నామములు కేవల ఛందఃపూరణార్థము కూర్చినవి కావు. కోసినను మరల మొలచును గనుక ఛిన్నరుహ; తెంపి వ్రేలాడదీసిన కాండము సైతము చిగుర్చును. భావప్రకాశములోని 'చక్రలక్షణిక' యను పేరు, కాండమును అడ్డముగా కోసినపుడు కనబడు బండిచక్రపు ఆకులవంటి రేఖలను సూచించును.

జ్వరమునకు తిప్పతీగ కషాయము మన యిండ్లలో పాతదే. కరోనా కాలమున దాని వాడుక మిక్కిలి పెరిగినది. సేవించిన కొందరికి కాలేయము దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. 2022 ఫిబ్రవరిలో ఆయుష్ మంత్రిత్వశాఖ, గుడూచి సురక్షితమేననియు, దానిని పోలిన టినోస్పొరా క్రిస్పా హానికరము కావచ్చుననియు తెలిపినది. ఆ వివాదమును వైద్యులు తేల్చవలెను.

మన ప్రశ్న వేఱు. మనము వల్లించు నామములు ఈ రెండు తీగలను వేఱుచేయగలవా? పై రెండు నామములును చేయలేవు. హృదయాకారపు ఆకులు, మరల మొలచు స్వభావము రెండింటికిని సమానములే. క్రిస్పా కాండముపై బుడిపెలు దట్టముగా, ప్రస్ఫుటముగా నుండును; గుడూచి కాండముపై కాగితమువలె ఊడివచ్చు పలుచని పొర యుండును. ఈ భేదము కన్నులకే గోచరము. కావున వనౌషధివర్గము చెప్పునాడు రెండు కాండపు ముక్కలనైనను తరగతికి తెచ్చి, విద్యార్థులచేత తాకించి, అడ్డముగా కోయించి, ఆపైన శ్లోకము నందుకొనవలెను.