పాలజ్వరం – థర్మామీటరు చెప్పే సంగతి



లాక్టోమీటరు తెలియని సభ్యుడు మన సంఘాలలో లేడు. పాల చిక్కదనం తెలుసుకొనడానికి అది కావాలి. అయితే పాలిచ్చే పశువు ఒంటి సంగతి చెప్పే థర్మామీటరు మాత్రం చాలా సంఘాలలో కనిపించదు. దాని అవసరమేమిటో ఈ పాఠంలో చూద్దాము.

కొన్నేళ్ల క్రితం నస్రుల్లాబాద్ ప్రాంతంలో ఒక సంఘం లెక్కల తనిఖీకి వెళ్లాను. ఒక సభ్యుని బర్రె ఈని రెండవ రోజు. లేవలేక, మెడ డొక్కకు తిప్పుకొని పడుకున్నది. "పాలజ్వరమంట సారూ" అంటూ ఆయన జ్వరం మాత్రలు నీళ్లలో కలిపి గొట్టంతో తాపుతున్నాడు. చెవులు పట్టి చూస్తే చల్లగా ఉన్నవి. థర్మామీటరు ఊళ్లో దొరకలేదు. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమైంది; బర్రె దక్కలేదు. దానిని కొన్న అప్పు మాత్రం ఖాతాలో మిగిలింది.

పేరులో జ్వరమున్నా ఈ జబ్బులో ఒళ్లు కాలదు. ఈనగానే రక్తంలోని కాల్షియం జున్నుపాలలోకి పోతుంది. ఆ లోటు వెంటనే పూడక కండరాలు పట్టు తప్పుతాయి. ఎక్కువగా ఈనిన మూడు రోజులలోపు, బాగా పాలిచ్చే పశువులకు వస్తుంది.

థర్మామీటరు: పాదరసం 95 డిగ్రీల కిందికి దిగేటట్లు విదిలించి, కొనకు నూనె రాసి, మలద్వారంలో లోపలి గోడకు ఆనేటట్లు రెండు నిమిషాలు ఉంచాలి. రెండవ కొనకు దారం కట్టాలి. డిజిటల్‌దైతే చప్పుడు వచ్చేవరకు ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న పశువుకు సుమారు 101 డిగ్రీలు ఉంటుంది. 103 దాటితే జ్వరం. ఈనిన పశువు పడిపోయి, వేడి మామూలుగాగాని తక్కువగాగాని ఉంటే పాలజ్వరమని అనుమానించాలి.

స్ట్రిప్ కప్పు: నల్లని పళ్లెంపై మొదటి ధారలు పిండితే పాలలోని తరకలు కనిపిస్తాయి. అది పొదుగువాపు గుర్తు. దానివల్ల కూడా ఈనిన పశువు పడిపోవచ్చు. చికిత్స వేరు.

స్టెతస్కోపు: దీనిని 1816లో ఫ్రాన్సు వైద్యుడు లానెక్ కనిపెట్టాడు. కాల్షియం మందు నరంలోకి ఎక్కించేటప్పుడు డాక్టరు దీనితో గుండె చప్పుడు వింటారు. మందు వేగంగా పోతే గుండె ఆగవచ్చు. కావున ఇది మనం చేసుకొనే వైద్యం కాదు.

డాక్టరు వచ్చేలోపు నోట్లో ఏమీ పోయవద్దు. మింగే శక్తి తగ్గి అది ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు ఒరగకుండా గడ్డి నింపిన సంచులు ఆనించి, రొమ్ముమీద కూర్చోబెట్టాలి. 1962కు ఫోను చేసి, ఈనిన సమయం, థర్మామీటరు అంకె, పేడ వేసినదీ లేనిదీ చెప్పాలి. వేళకు మందు పడితే పశువు చాలాసార్లు కొన్ని గంటలలోనే లేచి నిలబడుతుంది.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఒక థర్మామీటరు, ఒక స్ట్రిప్ కప్పు కొనుటకు తీర్మానం చేయవలసిందిగా మనవి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు పుస్తకాలతోపాటు వాటిని కూడా చూపమని అడుగుతాను.