నిలిచిన లేఖ

1893వ సంవత్సరమున జపాను నుండి అమెరికాకు పోవు ఓడలో స్వామి వివేకానందులును, జంషెడ్‌జీ టాటాయును సహయాత్రికులైరి. ఆనాటి మాటలు చాలవరకు సముద్రపు గాలిలో కలసిపోయినవి. కాని 1898 నవంబరు 23వ తేదీన టాటా స్వామికి వ్రాసిన లేఖయందు ఆ యాత్రాస్మృతి నేటికిని నిలిచియున్నది.

1919లో ఆ టాటా పేరు పొందిన జంషెడ్‌పూర్ నగరమునకు ఉక్కు కర్మాగారపు పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. పూర్వుల ఉత్తరములు పెట్టెలలో నున్నను, తెలుగు చదువనేరని మనుమలకు అవి మూగవి.

పెద్దలు జీవించియుండగనే వారిచే ఆ ఉత్తరములను చదివించి, వారు చెప్పినదానిని మనుమలెరిగిన లిపిలో, ఊరిపేరు, తేదీలతో వ్రాసికొనవలెను. ఛాయాచిత్రముల వెనుక పెన్సిలుతో పేర్లు వ్రాయవలెను. ఘనతలతోబాటు కష్టములను, తప్పులను గూడ వ్రాసినచో అది ఆత్మస్తుతి గాదు. పితృఋణమును తీర్చుకొను మార్గము.