పాట వినిపిస్తే చాలదు

రేడియోలు, టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేస్తూ నా వయసు గడిచింది. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలకు నేను చెప్పదలచినవి ఇవి.

1. ఎర్తు లేని సెట్టూ పాడుతుంది.

అందుకే ఎర్తు లేని సంగతి ఎవరికీ పట్టదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతావాటికన్నా పొడవు. పెట్టేటప్పుడు అది ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. యాంప్లిఫయర్‌లో హమ్ వస్తోందని ఎర్తు తీగ తీసేయమనేవారు. కాదనలేక తీసిచ్చిన రోజులు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి. హమ్ పోతుంది నిజమే. కానీ లోపల ఫేజు పెట్టెకు తగిలిందంటే, మైకు పట్టుకున్నవాడి ఒంటిగుండానే కరెంటు భూమిలోకి దిగుతుంది. హమ్ పోవాలంటే ఆడియో లైనులో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఎర్తు మాత్రం ముట్టుకోకూడదు.

2. ప్లగ్గు పీకినా లోపల కరెంటు ఉంటుంది.

మన 230 వోల్టుల ఏసీని నేరుగా డీసీగా మార్చిన చోట పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. దాన్ని ఖాళీచేసే రెసిస్టర్ కాలిపోయి ఉంటే ఆ చార్జి చాలాసేపు పోదు. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయకండి. రవ్వలు కళ్ళలో పడతాయి. తీగలు తొడిగిన ఫిలమెంటు బల్బుతో దింపి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

3. స్విచ్ ఆపినంత మాత్రాన ఫేజు తెగిందనుకోవద్దు.

రెండు పిన్నుల ప్లగ్గు తిరగబడితే ఫేజు, న్యూట్రల్ తారుమారవుతాయి. అప్పుడు సెట్టు స్విచ్ తెంపేది న్యూట్రల్‌నే. పాత టీవీలు కొన్నిట్లో ఛాసిస్సే మెయిన్సుకు కలిసి ఉండేది. బల్లమీద ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది ఉన్నా రెండు చేతులూ లోపల పెట్టకండి. రెండు చోట్ల తాకితే అదీ కాపాడలేదు.

4. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు.

గుండెను ఆపడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఇంటికి లీకేజీని పట్టి ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని చెప్పండి. దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడమనండి.

5. పెట్టె తాకితే జిల్లుమనడాన్ని అలవాటు చేసుకోవద్దు.

ఎర్తు లేనప్పుడు ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ కావచ్చు, ఇన్సులేషన్ చితికి ఉండవచ్చు. తేడా వేలికి తెలియదు. పొడి నేలమీద చెప్పులేసుకున్న మనకు చిన్నగా తగిలింది, తడికాళ్ళతో వచ్చిన పసిపిల్లకు ప్రాణాంతకం కావచ్చు.

సెట్టు తిరిగి ఇచ్చేముందు ప్లగ్గు తీసి మీటరు పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గయితే ఎర్తు పిన్నుకూ పెట్టెకూ కలయిక ఉండాలి. ఫేజు, న్యూట్రల్ పిన్నులకు పెట్టెతో కలయిక ఉండకూడదు. అది చూడనిదే రిపేరు పూర్తయిందని చెప్పకండి.