నాలుక చెప్పు సాక్ష్యము

“నోరు మంచిదైతే ఊరు మంచిది” యను సామెత మాటతీరును గూర్చి పుట్టినది. కాని నాలుక మాటాడకున్నప్పుడును కొన్ని సంగతులను తెలుపుచునే యుండును. వైద్యుడు రోగిని నాలుక చాపుమని యడుగుట యందుకే. ఆయుర్వేదమునందలి అష్టస్థాన పరీక్షలో నాడి, మూత్రము, మలము, శబ్దము, స్పర్శ, దృష్టి, ఆకృతులతోపాటు జిహ్వయు నొక స్థానము. ఆ సాక్ష్యము నెట్లు వినవలెనో మన విద్యార్థులకు తెలుప నుద్దేశించితిమి.

ఆరోగ్యవంతుని నాలుక గులాబివన్నె కలిగి, తడిగా, కొంచెము గరుకుగా నుండును. పైనుండు సన్నని మొనలే యా గరుకుదనమునకు కారణము. వాని నడుమ మృతకణములు, ఆహారపు తునుకలు, సూక్ష్మజీవులు చేరి తెల్లని పలుచని పాచి యేర్పడును. జ్వరము వచ్చినను, నీరు చాలినంత త్రాగకున్నను, నోటితో గాలి పీల్చినను నాలుక యెండి యా పాచి మందమగును. కారణము తొలగిన పిమ్మట నదియు తగ్గును.

కొన్ని మార్పులు భయపడదగినవి కావు. నేరేడుపండ్లు తిన్నవాని నాలుక ఊదావన్నె యగును. ఇనుము కలిసిన ద్రవౌషధము నల్లని మరక వేయును. కొందరి నాలుకపై ఎఱ్ఱని మచ్చలు దేశపటమువలె నేర్పడి, కొన్నాళ్లకు చోటు మారుచుండును. ఇది అంటువ్యాధి కాదు. సాధారణముగా హానియు చేయదు.

ఇక కొన్ని మార్పులు శరీరములోని లోపమును చాటును. రక్తహీనతయందు నాలుక పాలిపోవును. కొన్ని విటమినులు కొఱవడినచో మొనలు రాలి, నున్నగా, ఎఱ్ఱగా మారి, కారము సోకినంతనే మండును. దీనికి నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1967లో నాగార్జునసాగరు కాలువలు పాఱకమునుపు మన మాడుగులపల్లి, మిర్యాలగూడ ప్రాంతముల పేదలకు జొన్నయే ముఖ్యాహారము. గటకయో, రొట్టెయో తప్ప పప్పు, పాలు ఎఱుగని దక్కను పేదలలో పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండెను. ఎండ సోకిన చర్మము నల్లబడి పగులును; నాలుక పుండువలె నెఱ్ఱనగును; విరేచనములు పట్టుకొనును; ముదిరినచో మతియు చలించును. నయాసిను అను విటమిను లోపమే దీనికి మూలము. కుక్కలకు వచ్చు “నల్లనాలుక” వ్యాధి నికోటినిక్ ఆమ్లముచే నయమగునని 1937లో అమెరికాయందు ఎల్వెహ్జెం కనుగొనెను. నయాసినన్నను నదియే. జొన్నలో ల్యూసీను అధికముగా నుండుటయు నీ వ్యాధికి కారణమని హైదరాబాదునందలి పోషకాహార పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకాంతియా గార్లు 1960లో ప్రతిపాదించిరి. పిమ్మట దీనిపై భిన్నాభిప్రాయములు కలిగినను, ఒకే ధాన్యముపై బ్రతుకరాదను పాఠము మాత్రము నిలిచినది. జొన్న దోషి కాదు. తోడు లేని జొన్నయే దోషి. పప్పు, ఆకుకూర, పల్లీలు, గ్రుడ్డు తోడైనచో నది మంచి యాహారమే.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథయు నిచట స్మరింపదగినది. నాలుక పూత, విరేచనములు, రక్తహీనత కలిగించు స్ప్రూ వ్యాధి వారి సోదరులను బలిగొని, వారినిగూడ బాధించెను. 1945లో వారి నాయకత్వమున లెడర్లే పరిశోధనశాలయందు ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. స్ప్రూ రోగుల నాలుక మంటయు, రక్తహీనతయు దానిచే తగ్గెను. ఇంటి దుఃఖమును లోకహితముగా మార్చిన మహనీయు డాయన.

ఇంకొక హెచ్చరిక. పొగాకు నమలువారికి, చుట్ట, బీడీ కాల్చువారికి నాలుకపైగాని బుగ్గలోపలగాని గీసినను పోని తెల్లమచ్చ, ఎఱ్ఱమచ్చ, గట్టిపడిన పుండు కలుగవచ్చును. అవి క్యాన్సరునకు తొలిరూపులు కావచ్చును. ఇట్టివి నొప్పి లేకున్నను, మూడు వారములలో మానకున్నచో వైద్యునకు చూపవలెను. నాలుకయు పెదవులును నీలివన్నె కెక్కినచో నది ప్రాణవాయువు చాలదనుటకు గుర్తు, క్షణమైనను ఆలసింపరాదు.

విద్యార్థులారా! ఉదయమున వేపపుల్ల చీల్చి నాలుకను మెల్లగా గీసికొని, నోరు పుక్కిలించి, వెలుతురున అద్దములో చూచుకొనుడు. మీ యింట తాతగారు పొగాకు నమలువారైనచో వారి నాలుకను గూడ చూడుడు. నాలుక సాక్షి మాత్రమే. తీర్పు చెప్పువాడు వైద్యుడు. సాక్షి మాట విని వైద్యునియొద్దకు వేళకు పోవుట మన పని.