ఆయిల్ డబ్బా వెనక ఏం రాసుందో చదువు

అల్లుడూ,

సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ పికప్ తీసుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. పల్నాడు ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలతావట. సంతోషం. ఇంజన్ ఆయిల్ సంగతి అడిగావని కూడా చెప్పింది. కొట్టువాడు ఒకటి చూపిస్తున్నాడు, మేస్త్రీ ఇంకొకటి రాసిచ్చాడు, తోటి డ్రైవర్లేమో చిక్కటిది పోస్తే ఇంజన్‌కి బలం అంటున్నారు. ఫలానా కంపెనీది కొనమని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గానీ, రేపు బండి మారితే ఆ మాట నీకు పనికిరాదు. ఏ కొట్లో నిలబడ్డా నీ అంతట నువ్వు ఎంచుకునేలా వివరంగా రాస్తున్నాను.

ముందు ఆయిల్ చేసే పని తెలుసుకో. క్రాంక్ షాఫ్ట్ బేరింగుల్లో లోహం లోహానికి తగలకుండా తిరిగేది ఆయిల్ పొర మీదే. పిస్టన్ వేడిని కిందికి దించేదీ, రింగుల దగ్గర కంప్రెషన్ కారిపోకుండా ఆపేదీ ఆయిలే. డీజిల్ మండినప్పుడు పుట్టే మసిని గడ్డకట్టనీయకుండా తనలో తేలుస్తుంది, ఆమ్లాలను విరుస్తుంది. టర్బో ఉన్న బండైతే దాని షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దానికి ఆధారం సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఇన్ని పనులున్న చోట రేటు చూసో, రంగు చూసో, వేళ్ల మధ్య రుద్ది చూసో ఎంచుకోకూడదు.

డబ్బా మీద చదవాల్సినవి రెండు. మొదటిది చిక్కదనం అంకె, అంటే 15డబ్ల్యు-40 లాంటిది. ఈ కొలతలు ఎస్.ఎ.ఇ. అనే ఇంజనీర్ల సంఘం పెట్టింది. నెయ్యి చలికి గడ్డకట్టి వేడికి పలచబడినట్టే ఆయిల్ కూడా మారుతుంది కాబట్టి రెండు వైపులా కొలుస్తారు. డబ్ల్యు ముందున్న అంకె చలిలో ఇంజన్ తిరిగే తేలికను చెబుతుంది. 15డబ్ల్యు ఆయిల్‌ని మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యు ఆయిల్‌ని మైనస్ 30 దగ్గర. మన మన్యంలో లంబసింగి చలి కూడా అటూఇటుగా సున్నా దాకా వస్తేనే పేపర్లో పడుతుంది. కాబట్టి చలి అంకె మనకి పెద్ద పరీక్ష కాదు.

రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఉండే చిక్కదనం. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. మే నెల ఎండలో నిండా లోడుతో పోతున్నప్పుడు బేరింగులు ఓర్చుకునేది ఈ అంకెను బట్టే. అలాగని 20డబ్ల్యు-50 పోస్తే ఇంకా మంచిదనుకోకు. బేరింగు సందులు, ఆయిల్ పంపు, ఆయిల్ దారులు అన్నీ ఒక చిక్కదనాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి. అంతకన్నా చిక్కగా ఉంటే పొద్దున సెల్ఫ్ కొట్టగానే టర్బో దాకా చేరడం ఆలస్యమవుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. పలచనిదైతే లోడు మీద పొర తెగుతుంది. బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే.

డబ్బా మీద చదవాల్సిన రెండోది నాణ్యత గుర్తు. చాలామంది చదవకుండా వదిలేసేది దీన్నే. ఎ.పి.ఐ. అని రాసి పక్కన అక్షరాలుంటాయి. ఎస్ తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకి, సి తో మొదలైతే డీజిల్ ఇంజన్లకి. డీజిల్ వరసలో సిహెచ్-4 1998లో వచ్చింది, సిఐ-4 2002లో, సిజె-4 2006లో, సికె-4 2016 చివర్లో. ఈ వరసలో కొత్త గుర్తు ఆయిల్‌ని పాత ఇంజన్‌లో పోయొచ్చు. కొత్తది అడిగే ఇంజన్‌లో పాతది పోయకూడదు. ఇంట్లో మిగిలిందని మోటార్ సైకిల్ ఆయిల్ మాత్రం పికప్‌లో పోయకు. అది ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్ కోసం చేసింది, డీజిల్ మసిని మోయడానికి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. పొగ నిబంధనల ప్రకారం నీ బండి బి.ఎస్.4 దా, బి.ఎస్.6 దా? ఆర్.సి. తీసి చూడు, ఎమిషన్ నార్మ్స్ అన్న చోట ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా కొత్త బళ్లకి బి.ఎస్.6 వచ్చింది. బి.ఎస్.6 డీజిల్ బళ్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో డి.పి.ఎఫ్. అనే వడపోత పెట్టారు. మసి అందులో చిక్కుకుంటుంది. అప్పుడప్పుడూ బండి తనంతట తనే ఆ మసిని దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. ఇంజన్‌లో కొంచెం కొంచెంగా ఖర్చయ్యే ఆయిల్ నుంచే ఈ బూడిద ఎక్కువగా వస్తుంది. ఆమ్లాన్ని విరిచే మందుల్లో కాల్షియం, మెగ్నీషియం లాంటి లోహాలుంటాయి. అవే చివరికి బూడిదై వడపోతని పూడ్చేస్తాయి. డీజిల్‌లో గంధకం బి.ఎస్.4 నాటికి పది లక్షల పాళ్లకు 50 పాళ్లు ఉండేది, బి.ఎస్.6 లో 10కి దిగింది. గంధకం వల్ల పుట్టే ఆమ్లం కూడా తగ్గింది కాబట్టి ఆ మందులు తక్కువగా వేసి, బూడిద తక్కువ వచ్చే ఆయిల్ చేయడం కుదిరింది. సికె-4 లో బూడిద ఒక శాతం మించకూడదు. కొన్ని బళ్ల పుస్తకాలు ఎ.సి.ఇ.ఎ. సి2, సి3 అని ఐరోపా గుర్తులు అడుగుతాయి. అలా అడిగినప్పుడు ఆ గుర్తు డబ్బా మీద ఉండి తీరాలి. ఆయిల్ దగ్గర మిగుల్చుకున్న కొన్ని వందలు డి.పి.ఎఫ్. మార్చేటప్పుడు వేలకు వేలై పోతాయి.

బి.ఎస్.6 బండిలో ఇంకొకటి గమనించు. మసి కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగొచ్చు. గేజీ కడ్డీ మీద మట్టం తగ్గకపోగా పెరిగిందంటే ఆయిల్ పలచబడుతోందని అర్థం. సంతోషించకుండా సర్వీసుకి తీసుకెళ్లు.

మినరలా, సింథటికా అని అడుగుతావు. సింథటిక్ వేడికి త్వరగా పాడవదు, చలిలో తేలిగ్గా పారుతుంది. కానీ అది చిక్కదనం అంకెకీ, నాణ్యత గుర్తుకీ బదులు కాదు. ఆ రెండూ కుదిరాకే దాని మాట. బి.ఎస్.4 బండికి పుస్తకం మినరల్ చాలంటే, సరైన గుర్తున్న మినరల్‌నే వేళకి మారుస్తూ ఉండు. గడువు దాటించి తోలిన ఖరీదైన సింథటిక్ కన్నా అదే మేలు.

మార్చే వేళ దగ్గర పుస్తకంలో కిలోమీటర్లూ, నెలలూ రెండూ ఉంటాయి. ఏది ముందొస్తే దానికే మార్చాలి. ఎక్కువ బరువు, దుమ్ము, చిన్న చిన్న ట్రిప్పులు ఉంటే ఇంకా ముందే మార్చమని కూడా రాసుంటుంది. నీ పని సరిగ్గా అదే. పొలాల డొంకల్లో దుమ్ము, నిండు లోడు, యార్డు దగ్గర క్యూలో ఇంజన్ ఆపకుండా నిలబడటం. ఆగి ఉన్న బండికి మీటర్ తిరగదు గానీ ఆయిల్ అరుగుతూనే ఉంటుంది. అందుకని కఠిన వాడకానికి రాసిన గడువే నీ గడువు అనుకో.

కొనేటప్పుడు లూజ్ ఆయిల్ జోలికి పోకు. సీలు చెక్కుచెదరని డబ్బా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసుకుని బిల్లు తీసుకో. ఖాళీ డబ్బాని కన్నం పొడిచి పారెయ్. లేకపోతే కల్తీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేవాళ్ల చేతికి పోతుంది. ఆయిల్‌తో పాటే ఫిల్టర్ కూడా మార్చు. పైన కలిపే మందు సీసాలు అక్కర్లేదు. కావాల్సినవన్నీ మంచి ఆయిల్‌లోనే కలిపి ఉంటాయి.

మార్చేటప్పుడు దగ్గరుండి చూడు. ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి, బండి చదునైన నేల మీద ఉండాలి. డ్రెయిన్ నట్టుకి కొత్త వాషర్ వేయించు. ఫిల్టర్ రబ్బరుకి కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగించమను. కొత్త ఆయిల్ పోశాక ఇంజన్ కాసేపు తిప్పి ఆపి, కొన్ని నిమిషాలాగి కడ్డీ చూడు. మట్టం రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. పై గీత దాటితే క్రాంక్ తగిలి నురగ కడుతుంది. నురగ పొర పట్టదు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, మసిని మోస్తోందన్నమాట. భయపడకు. మజ్జిగలా తెల్లబడితే మాత్రం నీళ్లు కలిశాయని, బండి తీయకు. దారిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఊరు దగ్గరే కదా అని తోలొద్దు, పక్కకి తీసి అక్కడికక్కడే ఇంజన్ ఆపు.

తీసిన ఆయిల్ కాలవలోనో, చేను గట్టునో పారబోయించకు. చెదలు పట్టకుండా గుంజలకి పూస్తామని ఊళ్లో అడుగుతారు, ఇవ్వకు. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకి పంపే సర్వీసు సెంటర్లోనే మార్పించు.

ఈ వారంలో ఒక పని చెయ్. ఆర్.సి., బండి పుస్తకం ముందు పెట్టుకుని ఒక అట్టముక్క మీద ఐదు సంగతులు రాయి: చిక్కదనం అంకె, నాణ్యత గుర్తు, ఎన్ని లీటర్లు, మార్చిన తేదీ, మీటర్ రీడింగు. పుస్తకం రాకపోతే ఆ మోడల్ డీలర్ దగ్గర అడిగి రాసుకో. అట్ట డాష్‌బోర్డు అరలో ఉంచి, మార్చిన ప్రతిసారీ కింద ఒక వరస చేర్చు. ఫైనాన్స్ కిస్తీలు కట్టేదీ, ఇల్లు నడిపేదీ ఆ ఇంజనే. దానికేం కావాలో ఎవరినో అడగాల్సిన అవసరం ఇక నీకుండకూడదు.



ఇట్లు,
మీ మావయ్య