వేసవిలో పెరటి తోట – గుమ్మఘట్ట ప్రాంతపు గృహస్థులకు సూచనలు

ఉగాది నాటికి పచ్చగా నున్న పెరడు రోహిణీ కార్తె నాటికి బీడగుట గుమ్మఘట్ట ప్రాంతమున తరచు చూచుచున్నదే. అయితే వేసవిలో తోట ఒక్కసారిగా చావదు. నెలకొక విధముగా మారును. ఆ మార్పు నెరిగి, ఏ మొక్కను వదలవలెనో, దేనిని కాపాడవలెనో ముందుగా నిర్ణయించుకొనిన వారికి కూరయు దక్కును, చెట్లును దక్కును.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురియు వర్షము సుమారు 550 మి.మీ. మాత్రమే. అందు హెచ్చుభాగము జూన్ తరువాతనే పడును. వేదవతి నదిపై భైరవానితిప్ప జలాశయము ఈ మండలములోనే యున్నను, అది ప్రతి యేటను నిండునని నమ్ముటకు వీలులేదు. కనుక ఇంట వాడిన నీరే పెరటి తోటకు ఆధారము.

మార్చి: పగటి ఎండ 35 డిగ్రీలు దాటిన పిమ్మట టమాటా పూత రాలిపోవును. అట్టి మొక్కలకు నీరు పోయుట వృథా. వానిని పెరికి, ఆ చోట గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర విత్తుకొనుడు. ఇవి వేడికి తట్టుకొనును.

ఏప్రిల్: బీర, కాకర తీగలకు ఎండ హెచ్చిన కొలది మగపూలు ఎక్కువై పిందె తగ్గును. ఇది తెగులు కాదు, మందు చల్లవలదు. వంగ ఆకుల అడుగున ఎర్రనల్లి కనబడినచో, ఉదయమున ఆకుల అడుగుభాగము తడియునట్లు నీరు చిమ్ముడు. బెండలో పల్లాకు తెగులు సోకిన మొక్కను వెంటనే పెరికివేయుడు. తెల్లదోమ దానిని ఇతర మొక్కలకు అంటించును.

మే: సీతాఫలము, రేగు చెట్లు ఆకు రాల్చి మోడువారి యుండును. ఎండిపోయెనని తలచి వానిని నరుకవలదు. గోటితో బెరడు కొంచెము గీకి చూడుడు. లోపల పచ్చగా నున్నచో చెట్టు బ్రతికియే యున్నది. రేగు కొమ్మలను కత్తిరించుటకు ఇదియే తరుణము. సీతాఫలము తొలకరి చినుకులకు చిగిర్చి పూయును.

ఇక నీటి లెక్క చూతము. నిమ్మ, జామ, సపోటా మొదలగు లేత చెట్లు ఆరు కలవనుకొందము. నాలుగు రోజులకొకసారి చెట్టుకు 30 లీటర్ల చొప్పున పోసినచో, రోజుకు సగటున 45 లీటర్లగును. దీనికి స్నానపు నీరు చాలును. 2 చదరపు మీటర్ల ఆకుకూర మడికి రోజుకు 15 లీటర్లు. బియ్యము, కూరగాయలు కడిగిన నీరు దీనికి వాడుడు. సబ్బు ఎక్కువగా కలిసిన బట్టల నీటిని ఆకుకూరలకు పోయరాదు.

తీగ కూరలకు కుండ పద్ధతి మేలు. మెరుగు పెట్టని 6 లీటర్ల మట్టికుండను మెడవరకు పాతి, చుట్టును నాలుగు విత్తనములు వేసి, మూడు రోజులకొకసారి నింపి మూత పెట్టుడు. తొమ్మిది కుండలకు రోజుకు 18 లీటర్లు చాలును. జిడ్డు నీరు పోసినచో కుండ రంధ్రములు మూసికొనిపోవును గనుక దీనికి మాత్రము మంచినీరు కావలయును. ఈ విధముగా తోట మొత్తమునకు ఇల్లాలు విడిగా మోయవలసినది రెండు బిందెలకు మించదు.

చెట్ల పాదులలో మన ఊళ్లలో దొరకు వేరుశనగ పొట్టును నాలుగంగుళముల మందమున పరచుడు. తేమ నిలుచును. చెదలు ఎక్కకుండ మొదలుకు జానెడు దూరము విడువవలెను.

మృగశిర కార్తె: కొత్త చెట్లకు మే నెలలోనే గుంతలు త్రవ్వి ఎండనిచ్చి, తొలకరికి ముందు మాగిన పశువుల ఎరువుతో, పైమట్టితో నింపియుంచుడు. రాలిన వేపపండ్లను ఏరి గింజలను నీడలో ఆరబెట్టుడు. రాబోవు పంటకాలమున పురుగులపై వాడు కషాయమునకు అవి పనికివచ్చును.

వేసవిలో అన్నిటిని కాపాడబూనిన వారు అన్నిటిని పోగొట్టుకొందురు. కూరమొక్క పోయినచో రెండు నెలలలో మరల పెంచవచ్చును. నిమ్మచెట్టు ఎండినచో నాలుగేండ్ల శ్రమ పోవును. నీరు కొరతపడిన నాడు మొదట చెట్టుకు పోయుడు.