కరువు సాయం – కౌలు రైతు

అనంతపురం సీమలో మబ్బు పట్టడం వేరు, వాన కురియడం వేరు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను దాటి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈశాన్య రుతుపవనాలు అందుకొందామంటే తూర్పు తీరం దూరం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే ఈ ప్రాంతంలో రైతులు ఎర్రనేలలను నమ్ముకొని వేరుశనగ వేస్తారు. విత్తిననాడు తడి ఉంటే చాలదు. ఊడలు దిగే వేళకు, కాయ ఊరే వేళకు మళ్లీ పదును కావాలి. అప్పుడు వాన మొగం చాటేస్తే చేను పచ్చగా కనిపిస్తున్నా చెట్టు పెరికితే కాయలుండవు. రైతు చూపు ప్రభుత్వం వైపు మళ్లుతుంది.

కరువునాడు పాలకులు సాయం చేయడం కొత్త కాదు. ధాత నామ సంవత్సరంలో విజృంభించి, 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన క్షామంలో ఆంగ్ల ప్రభుత్వం సహాయపు పనులు పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఆ పనుల కూలిని తగ్గించి, మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా చాలునన్నాడు. ఖజానాను కాపాడిన లెక్క అది, ప్రాణాలను కాదు. లక్షలాది జనం మరణించిన తరువాత, 1880 నాటి క్షామ సంఘం నివేదిక ఫలితంగా క్షామ నియమావళి రూపొందింది. అయితే అంతటి కఠినమైన పద్ధతిలోనూ గమనించదగిన విషయం ఒకటున్నది. పలుగు పట్టడానికి వచ్చినవానిని నీకు పట్టా ఉన్నదా అని ఎవరూ అడగలేదు.

స్వతంత్ర భారతంలో సాయం చేనును అనుసరించి నడిచింది. ప్రభుత్వం కరువు మండలాలను ప్రకటిస్తుంది. రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది పొలాలు చూసి నష్టాన్ని అంచనా వేస్తారు. 2015లో సవరించిన నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే రైతు అర్హుడు. అంతకుముందు 50 శాతం పోవలసి ఉండేది. ఈ సొమ్ముకు పెట్టుబడి రాయితీ అని పేరు. అనగా పోయిన పంటకు వెల కట్టి ఇచ్చేది కాదు, మళ్లీ విత్తుకొనేందుకు ఇచ్చే ఆసరా. 2022లో కేంద్రం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలుగా, రెండు హెక్టార్లకు మించకుండా నిర్ణయించింది. ఎకరాకు మూడున్నర వేలైనా నిండని ఆ మొత్తం ఏరువాకకు ముందే చేతికందితే విత్తనకాయలకు కొంత ఆదుకొంటుంది. పుష్యమి కార్తె దాటి వస్తే అప్పటికే తెచ్చిన అప్పు వడ్డీకి పోతుంది.

ఆలస్యం కంటే పెద్ద చిక్కు కౌలు రైతుది. దున్నేది, విత్తేది, అప్పు తెచ్చేది అతడే. పాసుపుస్తకం మాత్రం యజమాని పేరున ఉంటుంది. ఈ ప్రాంతంలో కౌలు ఒప్పందాలు చాలావరకు నోటిమాటే కనుక అతని సేద్యానికి కాగితం సాక్ష్యముండదు. ఈ లోపాన్ని దిద్దడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో చట్టం చేసి సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వసాగారు. విభజన తరువాత 2019లో వచ్చిన చట్టం పదకొండు నెలల ఒప్పంద పత్రాన్ని కోరింది. దానిపై యజమాని సంతకం తప్పనిసరి. భూమి చేజారునేమోనన్న భయంతో చాలామంది ఆ సంతకానికి వెనుకాడారు.

సంతకం లేని చోట సాయం యజమాని ఖాతాకే చేరుతుంది. కౌలుదారుని పిలిచి ఆ సొమ్ము చేతిలో పెట్టేవారు ఉన్నారు. దానిని కౌలు బాకీ కింద జమ వేసుకొనేవారూ ఉన్నారు.